అసిస్టెంట్‌షిప్ వస్తుందన్నది ఎవరు?

ప్రశ్న: మావాడు ఒంగోలులో బీటెక్ అయిపోయి అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్‌కి వెళ్తున్నాడు. మొదటి సెమిస్టర్ కాస్త కష్టపడితే టీఏ (క్లాసుల్లో, ల్యాబుల్లో ప్రొఫెసర్లకి సాయం చేసే టీచింగ్ అసిస్టెంట్‌షిప్) వచ్చేస్తుందని, ఇక ఫీజు కట్టే పనే ఉండదని సీనియర్లు చెప్పారట. అందుకని లోను సగమే తీసుకుందాం నాన్నా అంటున్నాడు. పొగాకు రైతుని, ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, టంగుటూరు

జవాబు: లోను పూర్తిగానే శాంక్షన్ చేయించుకోండి అన్నా. బ్యాంకు డబ్బంతా ఒకేసారి ఇవ్వదు, సెమిస్టర్ వారీగా విడుదల చేస్తుంది, విడుదలైనదాని మీదే వడ్డీ. టీఏ నిజంగా వస్తే మిగతాది తీసుకోకుండా వదిలేయొచ్చు. రాకపోతే మాత్రం డిసెంబర్లో మీరు అప్పు కోసం ఊరంతా తిరగాల్సి వస్తుంది.

ఇప్పుడు ఒక పని చేయండి. మీవాడికి వీసా కోసం యూనివర్సిటీ పంపిన ఐ-20 కాగితం ఉంటుంది కదా, దాని మొదటి పేజీ కింది భాగంలో ఖర్చు ఒకవైపు, డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో ఇంకోవైపు వేసి ఉంటుంది. సొంత డబ్బు ఎంత, స్కూలు ఇచ్చేది ఎంత అని విడివిడిగా. స్కూలు ఇచ్చే దగ్గర సున్నా ఉందా? అయితే ఈ రోజుకి అసిస్టెంట్‌షిప్ లేనట్టే. వేలంలో బేలుకి ధర పడకముందే ఆ డబ్బు ఖర్చుపెట్టం కదా, ఇదీ అంతే.

సీనియర్ల మాట పూర్తిగా అబద్ధమనను, కొందరికి వస్తుంది. కానీ టీఏ డబ్బు సాధారణంగా డిపార్ట్‌మెంట్ బడ్జెట్ నుంచి రావాలి, అందులోనూ పీహెచ్‌డీ వాళ్లకిచ్చాక మిగిలితేనే ఎంఎస్ వాళ్లకి. బీఎస్ (డిగ్రీ) పిల్లలకి ఎన్ని ల్యాబ్ సెక్షన్లు నడుస్తాయో దాన్నిబట్టి టీఏలు కావాలి, అక్కడ అడ్మిషన్లు తగ్గితే ఇక్కడ పోస్టులు తగ్గుతాయి. ఆర్‌ఏ (ప్రొఫెసర్ పరిశోధనలో సాయం చేసే రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్) అయితే ఎక్కువగా ఆ ప్రొఫెసర్ గ్రాంటు మీద నడిచేది, 2025లో ఫెడరల్ గ్రాంట్లకి కోతలు పడ్డాక అది ఇంకా టైట్ అయింది. లైబ్రరీ, హాస్టల్ ఆఫీసుల్లాంటి చోట ఇచ్చే జీఏలు (గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్‌లు) కూడా ఉంటాయి, అవి అడిగి తిరిగినవాళ్లకి దొరుకుతాయి.

ఒకవేళ లెటర్ వస్తే సంతోషంలో చదవకుండా సంతకం పెట్టొద్దని చెప్పండి. వారానికి ఎన్ని గంటలు, ఒక సెమిస్టరా ఏడాదా, ట్యూషన్ మొత్తం మాఫీయా లేక బయటి రాష్ట్రం వాళ్లకి అదనంగా వేసే తేడా మాత్రమేనా, ఇన్సూరెన్స్ ఎవరు కడతారు, ఇతర ఫీజుల సంగతేంటి. ట్యూషన్ పోయినా ఈ ‘ఇతర ఫీజులు’ అనేవి చాలా చోట్ల మిగిలే ఉంటాయి, అక్కడే కళ్లు తిరుగుతాయి. క్లాసులు జరిగే రోజుల్లో ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వాళ్లు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు దాటి పనిచేయకూడదు, కాబట్టి టీఏ 20 గంటలైతే ఇంకో పని కుదరదు. బయట పెట్రోల్ బంకులో చేస్తానంటే అసలు ఒప్పుకోకండి, వీసాకే ఎసరు.

ప్రశ్న: నేను అమెరికాలో ఎంఎస్ రెండో సెమిస్టర్‌లో ఉన్నా. నేను చేరిందే ఒక కోర్సు కోసం. యూనివర్సిటీ కోర్సుల కేటలాగ్‌లో ఉంది, కానీ ఈ సెమిస్టర్ లేదంటున్నారు. డబ్బులు కట్టించుకుని ఇదేం పద్ధతి?
- ఒక విద్యార్థిని, కావలి

జవాబు: కోపం న్యాయమే తల్లీ, కానీ కేటలాగ్‌లో ఉండటం వేరు, ఈ సెమిస్టర్ నడవటం వేరు. కొత్త పీజీ కోర్సు పెట్టాలంటే డిపార్ట్‌మెంట్ కమిటీ, కాలేజీ కమిటీ, ఆ పైన గ్రాడ్యుయేట్ కౌన్సిల్ అని మెట్లుంటాయి, అవన్నీ దాటితే కేటలాగ్‌లోకి ఎక్కుతుంది. ఏ సెమిస్టర్ నడపాలన్నది మళ్లీ డిపార్ట్‌మెంట్ చేతిలోనే. చెప్పే ప్రొఫెసర్ సెలవులో ఉన్నా, పిల్లలు చాలకపోయినా ఆపేస్తారు.

నీకు అసలు టెన్షన్ వేరే చోట ఉండాలి. ఆ ఖాళీలో దొరికిందేదో వేసేసుకోకు. బీఎస్ లెవెల్ కోర్సు డిగ్రీకి లెక్క రాకపోవచ్చు, ఆన్‌లైన్‌వి అయితే సెమిస్టర్‌కి ఒక్కటే, అంటే మూడు క్రెడిట్లే వీసాకి కావలసిన ఫుల్‌టైమ్ లెక్కలోకి వస్తాయి. పైగా నీకు అసిస్టెంట్‌షిప్ ఉంటే క్రెడిట్లు తగ్గిన రోజున అదీ ఊడొచ్చు. ఎంఎస్ పిల్లల వ్యవహారాలు చూసే మీ గ్రాడ్యుయేట్ డైరెక్టర్‌కి ఈమెయిల్ పెట్టు, దీనికి బదులు ఫలానా కోర్సు ఒప్పుకుంటారా అని. కారిడార్‌లో ‘సరేలే’ అన్నది చెల్లదు, రాతలో తీసుకో.

ప్రశ్న: నెల్లూరులో పీహెచ్‌డీ చేస్తున్నా, ఫెలోషిప్ లేదు. పీజీ క్లాసులు, ప్రాక్టికల్స్, పేపర్లు దిద్దడం అన్నీ మాతోనే. ఒక్క రూపాయి రాదు. రూల్ ఉందా?
- పేరు వద్దు

జవాబు: రూల్ ఉంది, అందులో రూపాయే లేదు! యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం స్కాలర్లకి ట్యుటోరియల్, ల్యాబ్, మూల్యాంకనం పని వారానికి 4 నుంచి 6 గంటలు అప్పగించవచ్చు. ఇంత ఇవ్వాలని మాత్రం రాయలేదు. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చినవాళ్లకి 2023 జనవరి నుంచి నెలకి 37,000, ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలో) అయ్యాక 42,000. నెట్ లేనివాళ్లకి యూజీసీ ఇచ్చే 8,000 కూడా సెంట్రల్ యూనివర్సిటీల వాళ్లకే. మన స్టేట్ యూనివర్సిటీ పిల్లలు మధ్యలో ఇరుక్కున్నారు, ఇది నాకు అస్సలు నచ్చని విషయం.

మీ హెడ్‌తో గొడవపడి లాభం లేదు. డబ్బు మంజూరు చేసే అధికారం ఆయనకి ఉండదు, అది ఫైనాన్స్ కమిటీ, పాలక మండలి దాకా వెళ్లాలి. మీరు నలుగురైదుగురు కలిసి రిజిస్ట్రార్‌కి అర్జీ పెట్టండి. ఒక్కరే వెళ్తే మీ పేరు గుర్తుండిపోతుంది. గంటలు మాత్రం తేదీలతో సహా రాసిపెట్టుకోండి. ఆరు దాటుతుంటే సెమిస్టర్‌కోసారి జరిగే మీ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ఆ కాగితం పెట్టండి, థీసిస్ ఎందుకు ఆలస్యమవుతోందో వాళ్ల రికార్డులోకి ఎక్కుతుంది. చెప్పిన క్లాసులకి సర్టిఫికెట్ కూడా ఇప్పుడే అడగండి. హెడ్ మారాక కొత్తాయన ‘నాకేం తెలుసు’ అంటాడు.