మేనేజర్ మీద హెచ్‌ఆర్‌కి చెప్పాలా, వద్దా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: బెంగళూరులో ఐటీ ఉద్యోగం, చేరి పద్నాలుగు నెలలైంది, మేనేజర్ కూడా తెలుగాయనే. టీమ్ అందరి ముందూ తిడుతున్నాడు, రాత్రి పదింటికి కాల్స్ పెడుతున్నాడు, చెల్లెలి పెళ్లికి ముందే ఓకే చేసిన సెలవు ఆఖరి నిమిషంలో రద్దు చేశాడు. అప్రైజల్‌కి ఇంకా మూడు నెలలుంది. ఫిర్యాదు చేస్తే రేటింగ్ పోతుందని భయం.

"మా మేనేజర్ మనిషి మంచివాడు కాడు" అని వెళ్తే హెచ్‌ఆర్ చేతిలో చేయడానికేమీ ఉండదు. విని, తలూపి, "మీరిద్దరూ ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి" అని పంపించేస్తారు. "ఫలానా రోజు ఫలానా పని చేశాడు, మన పాలసీలో ఈ పాయింటుకు అది విరుద్ధం, నాకు ఇది కావాలి" అని రాతలో వస్తే మాత్రం ఎవరో ఒకరు జవాబు ఇవ్వక తప్పదు. అందుకని ముందు మీ దగ్గరున్న సంగతుల్ని విడదీయండి.

కొన్నింటికి ఆలోచన అక్కర్లేదు, ఆలస్యం చేస్తేనే నష్టం. లైంగిక వేధింపైతే మహిళా ఉద్యోగులకు 2013 నాటి చట్టం ఉంది. పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి ఆఫీసులో అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ మహిళ అధ్యక్షత వహించాలి, బయటి సభ్యులు ఒకరు ఉండాలి. చివరి సంఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఈలోగా మిమ్మల్ని వేరే టీమ్‌కి మార్చమనో, మూడు నెలల వరకు సెలవు ఇమ్మనో అడిగే హక్కు ఉంది. రుజువు చేయలేకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు అయిపోదని చట్టంలోనే ఉంది. ఈ మాట చాలామందికి తెలియక వెనకాడుతుంటారు. ఎస్సీ, ఎస్టీ ఉద్యోగిని నలుగురి ముందు కులం పేరుతో అవమానిస్తే అది హెచ్‌ఆర్‌తో ఆగే విషయం కాదు, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పోలీసు కేసు. దొంగ బిల్లులు, వెండర్ దగ్గర లంచం లాంటివైతే ఎథిక్స్ హెల్ప్‌లైన్, అంటే అక్రమాల మీద ఫిర్యాదులు తీసుకునే కంపెనీ ఏర్పాటు. లిస్టెడ్ కంపెనీ అయితే అలాంటి ఏర్పాటు ఉండి తీరాలి.

మీరు చెప్పినవి ఈ కోవలోకి రావు. బూతులు లేకుండా అరిచే బాస్ మీద మన దగ్గర ప్రత్యేకంగా చట్టమంటూ లేదు. అయితే దాదాపు ప్రతి పెద్ద కంపెనీ కోడ్ ఆఫ్ కండక్ట్‌లోనూ "గౌరవంగా మెలగాలి" అన్న పాయింటు ఉంటుంది. మీ ఆధారం అదే. ఇంట్రానెట్‌లో ఆ పేజీ తీసి, పాయింటు నంబరుతో సహా రాసిపెట్టుకోండి. ప్రతి మెయిల్‌లో సీసీలో ఉండాలనడం, మీరు రాసిన ప్రోగ్రామ్‌లో వంకలు పెట్టడం, పొగడ్త అన్నదే తెలియకపోవడం లాంటివి ఆయన పద్ధతి. వాటిని ఫిర్యాదులో కలపకండి. పది చిన్నవి కలిపితే రెండు పెద్దవి వాటి కింద పడి కనబడకుండా పోతాయి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పని, డైరీ. ఏ రోజు జరిగింది ఆ రోజే రాయాలి, నెల తర్వాత గుర్తు తెచ్చుకుని కాదు. ఒక ఎంట్రీ ఇలా ఉండాలి: "మార్చి 12, ఉదయం 10.40, స్టాండప్ కాల్. కాల్‌లో ఏడుగురం. బిల్డ్ ఫెయిలైందని చెప్పగానే అన్న మాట: 'నీకు జీతం దండగరా, ఊరికెళ్లి గేదెలు కాసుకో'. నేను జవాబివ్వలేదు. 11.15కి లాగ్స్ మెయిల్ చేశాను, తప్పు వేరే మాడ్యూల్‌ది." తేదీ, సమయం, ఎవరున్నారు, అన్న మాట అన్నట్టుగా, ఆ తర్వాత ఏమైంది. "చాలా అవమానించాడు" అని రాస్తే దానికి విలువ లేదు.

బెంగళూరులో తెలుగు మేనేజర్ విషయంలో అదనంగా ఒక చిక్కుంది. మీ హెచ్‌ఆర్ కన్నడ వాళ్లో, ఢిల్లీ వాళ్లో అయి ఉండొచ్చు. "ఏంట్రా", "ఒరేయ్" అన్నది తెలుగువాళ్ల మధ్య చనువు కావచ్చు, తిట్టు కావచ్చు. ఆయన "మా వైపు ఇలాగే పిలుచుకుంటాం" అని సులువుగా తప్పించుకుంటాడు. కాబట్టి మాటను తెలుగులోనే రాసి, పక్కన ఇంగ్లీషులో అర్థం రాసి, ఆయన ఆ మాట మిమ్మల్నే అంటాడా, తెలుగురాని వాళ్లతో మర్యాదగా మాట్లాడతాడా అన్నది కూడా చేర్చండి. ఆ తేడాయే అసలు సాక్ష్యం.

ఆధారాల కోసం ఆఫీసు మెయిల్స్ సొంత జీమెయిల్‌కి ఫార్వర్డ్ చేసుకోకండి. సెక్యూరిటీ టూల్స్ పట్టేస్తాయి, అప్పుడు డేటా బయటికి పంపారని కేసు మీ మీదే పడుతుంది. మంచి ఫిర్యాదులు కూడా ఇక్కడే చెడిపోతాయి. మైక్రోసాఫ్ట్ టీమ్స్ చాట్లు కొన్నాళ్లకు వాటంతటవే చెరిగిపోయే సెట్టింగ్ చాలాచోట్ల ఉంటుంది. తేదీ, సమయం డైరీలో రాసుకుంటే సర్వర్ నుంచి తీయించుకునే పని విచారణ చేసేవాళ్లది. నోటిమాటగా చెప్పినదాన్ని మాత్రం మీరే రాతలోకి తేవాలి. సెలవు రద్దు చేస్తే అదే రోజు రెండు ముక్కల మెయిల్: "పోర్టల్‌లో ఫలానా తేదీన మంజూరైన సెలవును ఈరోజు రద్దు చేశామని చెప్పారు. కారణం తెలియజేయగలరు." కోపం వద్దు. ఆయన జవాబిచ్చినా మీకు మంచిదే, ఇవ్వకపోయినా మంచిదే.

ఇక అప్రైజల్. రేటింగ్ పోతుందని ఆగడమే ఎక్కువమంది చేసే పొరపాటు. రేటింగ్ వచ్చాక, లేదా పీఐపీలో (పనితీరు మెరుగుపరుచుకోమని గడువు పెట్టే ప్లాన్‌లో) పెట్టాక ఫిర్యాదు చేస్తే "మార్కులు తగ్గాయని కక్షతో పెట్టాడు" అంటారు. ముందే చేస్తే, ఆ తర్వాత రేటింగ్ ఒక్కసారిగా పడిపోతే అది ఆయన కక్షగా కనబడుతుంది. మూడు నెలలు ఉన్నాయి కాబట్టి నాలుగైదు వారాలు డైరీ రాసి అప్పుడు పెట్టడం మీకు సరిపోతుంది. ఈలోగా గత సంవత్సరం రేటింగ్ లెటర్, క్లయింట్ మెచ్చుకున్న మెయిల్స్ ఎక్కడున్నాయో చూసి పెట్టుకోండి.

ఎవరికి పెట్టాలి? పాలసీలో రాసిన చోటికే. మేనేజర్ పై మేనేజర్‌తో ఆయనకు ఏళ్ల స్నేహం ఉంటే అక్కడికి వెళ్లకండి, నేరుగా హెచ్‌ఆర్‌బీపీకి (మీ విభాగాన్ని చూసే హెచ్‌ఆర్ బిజినెస్ పార్ట్‌నర్‌కి) రాయండి. పేజీ దాటకూడదు. మూడు సంఘటనలు, పాలసీ పాయింటు, సాక్షుల పేర్లు, చివర మీకేం కావాలో ఒక్క వాక్యం. "చర్య తీసుకోండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "నా అప్రైజల్‌ను రెండో వ్యక్తి కూడా చూడాలి, రాత్రి కాల్స్ ముందే చెప్పి పెట్టాలి, కుదిరితే వేరే టీమ్‌కి మార్చాలి" అంటే వాళ్లు చేయగలిగింది వాళ్లకు తెలుస్తుంది. సాక్షుల పేర్లు ఇచ్చే ముందు వాళ్లను అడగండి. బయట టీ కొట్టు దగ్గర "నేను చెప్తా మచ్చా" అన్నవాళ్లు విచారణ గదిలో "నేను గమనించలేదు" అంటారు. వాళ్లకూ హోమ్ లోన్లుంటాయి, కోపం తెచ్చుకోవద్దు. ముగ్గుర్లో ఒకరు నిలబడినా చాలు.

ఇంకొకటి, తెలుగు వాట్సాప్ గ్రూపులో ఈ విషయం ఎత్తకండి. సాయంత్రానికల్లా ఆయనకు చేరుతుంది, మర్నాడు ఎవరో ఒక పెద్దమనిషి "మనవాడే కదా, సర్దుకుపో తమ్ముడూ" అని రాయబారానికి వస్తాడు. మర్యాదగా విని, దాన్ని కూడా డైరీలో రాసుకోండి.

ఫిర్యాదు అక్కర్లేని సందర్భమూ ఉంది. మీకు కావాల్సింది ఆయన నుంచి దూరమే అయితే ముందు ఇంటర్నల్ జాబ్ పోస్టింగ్ రూల్స్ చూడండి. పన్నెండో, పద్దెనిమిదో నెలలు నిండాలన్న నిబంధన ఉండొచ్చు. పీఐపీలో ఉన్నవాళ్లను సాధారణంగా మారనివ్వరు. మీకు పద్నాలుగు నిండాయి కాబట్టి దారి తెరిచి ఉండొచ్చు. బయటికి వెళ్లాలనుకున్నా, నోటీస్ తొంభై రోజులైతే ఆ తొంభై రోజులూ ఆయన కిందే గడపాలన్నది లెక్కలో పెట్టుకోండి.

ఫిర్యాదు తర్వాత ఎప్పుడైనా మీటింగ్ రూమ్‌లో కూర్చోబెట్టి "ఇప్పుడే రిజైన్ పెట్టు, లేకపోతే తీసేస్తాం" అంటే అక్కడికక్కడ ఏమీ పెట్టకండి, సంతకం చేయకండి. "ఆలోచించి మెయిల్‌లో చెప్తాను" అని లేచి రండి. సొంతంగా రాజీనామా చేసినట్టు రికార్డయితే ఆ తర్వాత పోరాడటం చాలా కష్టం. ఆ రోజు జరిగింది మీటింగ్‌లో ఉన్నవాళ్లకే మెయిల్ రాయండి. బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవన్‌లో రాష్ట్ర కార్మిక శాఖ కార్యాలయం ఉంది. కర్ణాటకలో ఐటీ ఉద్యోగులకు కిటు అనే యూనియన్ 2017 నుంచి పనిచేస్తోంది. ఈ రెండు చోట్లకూ ఆఫర్ లెటర్, జీతం స్లిప్పులు, ఆ రోజు రాసిన మెయిల్ తేదీ, సమయం, మీ డైరీ పట్టుకుని వెళ్లండి.