పిత్తనాళ క్యాన్సర్: ఇమ్యూనిటీ పౌడర్లతో ఆగుతుందా?

మీ నాన్నగారికి ఆపరేషన్ చేసి గడ్డ తీసేశాక కూడా పిత్తనాళ క్యాన్సర్ ఎందుకు తిరగబెట్టింది, ఇమ్యూనిటీ పెంచే పౌడర్లు వాడమంటారా అని అడిగారు. నేను డాక్టర్ని కాను. మా బావగారికి ఇదే జబ్బు. అగనంపూడిలోని హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రికి తోడుగా వెళ్తూ, అడిగి, చదివి తెలుసుకున్నది చెబుతున్నా.

పౌడర్లు వద్దండి. ఒంట్లో రోగనిరోధక శక్తి చాలక కాదు, క్యాన్సర్ దాన్ని ఏమారుస్తోంది.

గడ్డలోని కణాలన్నీ ఒకేలాంటివి కావు. కొన్నిటిని క్యాన్సర్ మూలకణాలంటారు. సీడీ44, సీడీ133 లాంటి, కణం పైపొర మీది ప్రోటీన్ల గుర్తులతో పరిశోధకులు పట్టుకుంటారు. కీమో ముఖ్యంగా వేగంగా విభజన చెందే కణాలను కొడుతుంది. ఇవేమో నెమ్మదిగా విభజన చెందుతాయి, లోపలికొచ్చిన మందును బయటికి తోడేస్తాయి. పొలంలో తుంగ పీకితే అడుగున గడ్డ మిగిలినట్టే. పైగా తమను పట్టిచ్చే ప్రోటీన్లను పైపొర మీద తగ్గించుకుంటాయి. పీడీ-ఎల్1 అనే ప్రోటీన్‌తో టీ కణాల (క్యాన్సర్ కణాలను చంపే తెల్ల కణాల) దూకుడుకు బ్రేకు వేస్తాయి. మాక్రోఫేజ్‌లనే తెల్ల కణాలను రప్పించి తమవైపు తిప్పుకుంటాయి. ఈ జబ్బులో గడ్డ చుట్టూ పీచులాంటి కణజాలం దట్టంగా పెరుగుతుంది కూడా, దాంతో టీ కణాలు చాలావరకు అంచునే ఆగిపోతాయి.

ఆ పీడీ-ఎల్1 బ్రేకును తీసేదే డుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు. 685 మందితో జరిగిన టోపాజ్-1 ట్రయల్‌లో, జెమ్‌సిటాబిన్, సిస్‌ప్లాటిన్‌లనే కీమో మందులకు దీన్ని కలిపితే మధ్యస్థ జీవితకాలం (సగం మంది దాటే కాలం) 11.5 నెలల నుంచి 12.8కి పెరిగింది. ఈ అంకె విని మా అక్క డీలా పడింది. నేను మాత్రం ఇంకో అంకె చూస్తాను: రెండేళ్లకు బతికున్నవాళ్లు కీమో ఒక్కటే తీసుకున్నవారిలో నూటికి పది పదకొండు మంది, ఇది కలిపినవారిలో పాతిక మంది దాకా. అందరికీ పనిచేయదు, పనిచేసినవాళ్లకు ఎక్కువ కాలం పనిచేస్తుంది. ఈ మందు ఎక్కించాక విరేచనాలు పట్టుకున్నా, దగ్గూ ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి చెప్పాలి. బ్రేకు తీసిన టీ కణాలు మన పేగులనో ఊపిరితిత్తులనో కొట్టొచ్చు.

కామెర్లు పెరిగితే మన వైపు పసరు మందంటారు. వినకండి, పిత్తనాళంలో పెట్టిన గొట్టం (స్టెంట్) మూసుకుపోయి ఉండొచ్చు, ఆలస్యమైతే ఇన్ఫెక్షన్ రక్తానికి పాకుతుంది.

ఇక ఈ వారమే చేయాల్సింది: ఆపరేషన్‌లో తీసిన ముక్కను మైనంలో భద్రపరిచిన బ్లాక్ ఎక్కడుందో కనుక్కోండి. దాని మీద, జన్యువుల్లో మార్పులు వెతికే ఎన్‌జీఎస్ టెస్ట్ చేస్తే ఎఫ్‌జీఎఫ్ఆర్2 ఫ్యూజన్ (ఆ జన్యువు ఇంకోదానితో అతుక్కుపోవడం), ఐడీహెచ్1 మార్పు ఉన్నాయో లేదో తెలుస్తుంది. కాలేయం లోపలి నాళాల్లో మొదలైన రకంలో ఇవి ఎక్కువగా కనిపిస్తాయి, వీటికి మాత్రలున్నాయి. ఎంఎస్ఐ (కణాల డీఎన్ఏలో సరికాని తప్పులు పేరుకున్నాయా అని చూసే టెస్ట్) కూడా అడగండి. అది ఎక్కువని వస్తే ఇమ్యునోథెరపీ బాగా పనిచేసే అవకాశం ఉంది, కాకపోతే అలా వచ్చేది చాలా కొద్దిమందికే.