నా జ్ఞాపకాలు ఎవరు తీసేశారు?

ప్రశ్న: నాకు పదిహేడేళ్ళు. ఒడిశాలోని బరంపురంలో ప్లస్ టు చదువుతున్నాను. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం. ఈమధ్య ఒక సైన్స్ ఫిక్షన్ నవల మొదలుపెట్టాను. అందులో నా ఈడు అమ్మాయికి చిన్నతనం గుర్తుండదు. దాన్నెవరో యంత్రంతో తీసేశారని ఒక్కో ఆధారం పట్టుకుని కనిపెడుతుంది. సగం చదివేసరికి నాకు భయం పట్టుకుంది. నాకూ ఆరేళ్ళ వయసుకు ముందటి సంగతులు గుర్తులేవు. ఒక్కటే ఉంది: ఫైలిన్ తుఫాను రాత్రి తాతయ్య నన్ను భుజాన ఎక్కించుకుని, టార్చిలైటు పట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలో మెల్లగా నడుస్తున్నారు. అమ్మనడిగితే "తాతయ్య అప్పటికే పోయారు కదే" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాన్న మాట మార్చేస్తారు. ఆ రోజుల నాటి ఆల్బమ్ ఇంట్లో లేదు. హిప్నాటిజంతో పోయిన జ్ఞాపకాలు బయటికి తీస్తారని నా ఫ్రెండ్ అంటోంది. వెళ్ళనా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: వెళ్ళకమ్మా. హిప్నాటిజం వల్ల "నాకు గుర్తొచ్చింది" అన్న ధీమా పెరుగుతుందే గానీ, గుర్తొచ్చింది నిజమేనన్న హామీ ఉండదు. అడిగేవాళ్ళు తెలియకుండా అందించిన ముక్క కూడా నీ సొంత జ్ఞాపకంలా కుదురుకుంటుంది. 1990లలో అమెరికాలో ఇలా "బయటపడిన" జ్ఞాపకాలతో కన్నవాళ్ళ మీద కోర్టుకెక్కినవాళ్ళున్నారు. అవి అసలు జరగలేదని తర్వాత తామే ఒప్పుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆపాటికి కుటుంబాలు చెదిరిపోయాయి.

దీనికి హిప్నాటిజం కూడా అక్కర్లేదు. 1995లో ఎలిజబెత్ లాఫ్టస్, జాక్వెలిన్ పిక్రెల్ అనే పరిశోధకులు 24 మందికి, చిన్నప్పుడు షాపింగ్ మాల్‌లో తప్పిపోయావని ఇంట్లోవాళ్ళు చెప్పినట్టు ఒక కథ ఇచ్చారు. కల్పించిన కథ. వాళ్ళలో పావు వంతు మంది ఎంతో కొంత గుర్తుందన్నారు. ఇక నీ నవల్లోని యంత్రమంటావా, 2013లో అమెరికాలోని ఎంఐటీ అనే విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఒక ఎలుక మెదడులో జరగని భయాన్ని జరిగినట్టు నాటారు. అదీ జన్యువులు మార్చిన ఎలుకలో, మెదడులోకి కాంతిని పంపే సన్నని తీగ దించి. నీకు తెలియకుండా నీ తలలో ఎవరూ చెయ్యగల పని కాదు.

ఆరేళ్ళ వయసుకు ముందటివి అంతగా గుర్తులేకపోవడం చాలామందికి ఉన్నదే. మూడేళ్ళప్పటి సంగతులు అడిగితే, ఐదు నుంచి ఏడేళ్ళ పిల్లలు అరవై శాతానికి పైగా చెప్పారు. ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలు నలభై శాతం కూడా చెప్పలేకపోయారు. 2014లో వచ్చిన ఒక అధ్యయనం ఇది. పిల్లలందరికీ ఆ వయసులోనే జారిపోతాయి, ఎవరూ తియ్యక్కర్లేదు.

ఇప్పుడు తాతయ్య సంగతి. నీ ఉత్తరంలో నాకు ఆసక్తిగా ఉన్నది ఇదే. నీకు గుర్తున్నదాన్ని మళ్ళీ చదువుకో: నీళ్ళు, టార్చిలైటు, మెల్లగా నడక. గాలి లేదు! ఫైలిన్ 2013 అక్టోబరు 12 రాత్రి మీ పక్కనే గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గంటకు 200 కిలోమీటర్లు దాటిన గాలి. ఆ రాత్రి చూసిన గంజాం జిల్లావాళ్ళు ముందు చెప్పేది ఆ హోరు, ఎగిరిన రేకులు, పడిపోయిన చెట్లు. పసిపిల్లను భుజాన వేసుకుని మెల్లగా నడిచే రాత్రి కాదది. నాలుగైదేళ్ళ పిల్లకు తుఫాను పేరుతో పనేముంది? ఆ పేరు తర్వాత పెద్దల మాటల్లో విని, అంతకు ముందెప్పుడో కురిసిన వానకు తగిలించుకుని ఉంటావు. పైగా మన వైపు పెద్ద తుఫాన్లు కొన్ని దసరా చుట్టూనే వచ్చాయి. మరుసటేడు అదే అక్టోబరు 12న విశాఖలో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ. పెద్దవాళ్ళే ఒకదాన్నొకటి కలిపేస్తారు. అంటే తాతయ్య భుజమూ నిజం కావచ్చు, అమ్మ మాటా నిజం కావచ్చు. ఇది నా ఊహే. తేల్చుకోవాలంటే తాతయ్య మరణ ధ్రువీకరణ పత్రంలో తేదీ చూడు.

అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోవడం మాత్రం వేరే విషయం. ఇళ్ళల్లో దాచిపెట్టే సంగతులు ఉండవని నేననను, ఉంటాయి. కానీ నువ్వడిగింది ఆవిడకు తండ్రో మామగారో అయిన మనిషి చావు గురించి. అది తుఫానుకు కాస్త ముందే అయి ఉంటే, ఆ వెంటనే తుఫాను, ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేని ఊరు. ఏడవడానికి తీరిక దొరికిందో లేదో. ఆల్బమ్ కూడా వానకు నాని పోయి ఉండొచ్చు, చూడలేక ఎవరింట్లోనో పెట్టి ఉండొచ్చు. అందుకే "ఏం దాస్తున్నారు?" అని నిలదీయకు. "ఆ రాత్రి తాతయ్యే కదూ నన్ను ఎత్తుకున్నది?" అని జవాబు నువ్వే అందించకు. "తాతయ్య గురించి చెప్పవా అమ్మా" అని మాత్రం అడిగి ఊరుకో. మొదటిసారి చెప్పకపోతే కొన్నాళ్ళాగు. ఆల్బమ్ సంగతి పిన్నినో అత్తయ్యనో అడిగినా ఫరవాలేదు, అయితే అమ్మకు చెప్పే అడుగు. చాటుగా ఆరా తీస్తే నవల్లో బాగుంటుంది, ఇంట్లో బాగుండదు. అడిగేలోపు నీకు గుర్తున్నదంతా తేదీ వేసి నోటుబుక్కులో రాసిపెట్టుకో. వాళ్ళు చెప్పింది విన్నాక నీదేదో వాళ్ళదేదో విడదీయడం కష్టం.

భయంతో నిద్ర పట్టకపోయినా, చదువు సాగకపోయినా మీ ఊళ్ళోనే ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి వెళ్ళడానికి మొహమాటంగా ఉంటే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్, ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నవల ఆపకు. సగంలో వదిలితే భయం కూడా తీరకుండా అలాగే ఉండిపోతుంది. కాకపోతే పగటిపూట చదువు, రాత్రిళ్ళు వద్దు.