వాకిటి పిల్లిని ఇంట్లోకి తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: కొంతకాలంగా ఒక ఆడ పిల్లి రోజూ మా వెనుక వసారాలోకి వస్తోంది. పాలన్నం పెడుతున్నాము, బాగా మచ్చికైంది. దానిని పెంచుకోవాలని నాకు ఉన్నా, పిల్లి అశుభమని మా అత్తగారు అంటున్నారు. పైగా వచ్చే నెలలో మా అమ్మాయి పురిటికి వస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: పిల్లి వల్ల అశుభమేమీ జరగదని మీ అత్తగారికి నెమ్మదిగా చెప్పండి. అయితే గర్భిణి ఉండబోయే ఇంట్లోకి బయట తిరిగే పిల్లిని ఇప్పుడే తీసుకురావద్దని, కాన్పు అయ్యేవరకు వసారాలోనే ఉంచి సాకమని నేను గట్టిగా చెబుతాను. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఇందుకు కారణం. ఎలుకలను, పచ్చి మాంసాన్ని తినే పిల్లికి అది తొలిసారి సోకినప్పుడు ఒకటి రెండు వారాలపాటు మలంలో వెలువడుతుంది. ఆ మలం ఒకటి నుంచి అయిదు రోజుల్లో ఇతరులకు జబ్బు సోకించే స్థితికి వస్తుంది. గర్భిణికి కొత్తగా సోకితే కడుపులోని బిడ్డ కళ్లకు, మెదడుకు హాని కలగవచ్చు. పిల్లిని నిమిరినంత మాత్రాన ఇది సాధారణంగా రాదు. మలం కలిసిన మట్టి, సరిగా కడగని కూరగాయలు, సగం ఉడికిన మాంసం ద్వారానే ఎక్కువగా వస్తుంది. అందుచేత మీ అమ్మాయి పెరటి మట్టి జోలికి, పిల్లి మలం ఎత్తే పనికి వెళ్లకూడదు. ఆ పని మరొకరు చేతితొడుగులు వేసుకుని ఏ రోజుకారోజు చేయాలి. పిల్లి సంగతి ఆమెను చూసే డాక్టరుగారికి కూడా చెప్పండి.

ఈలోగా అది ఎవరి పెంపుడు పిల్లో ఇరుగుపొరుగును అడగండి. ఎవరిదీ కాకపోతే పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లి, నులిపురుగులకు మందు, రేబిస్ టీకా, పిల్లులకు ప్రాణాంతకమైన పాన్‌ల్యుకోపీనియా రాకుండా టీకా వేయించండి. అన్నిటికంటే ముఖ్యమైనది పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్. ఆడ పిల్లి నాలుగైదు నెలల వయసుకే చూలు కట్టగలదు, సుమారు తొమ్మిది వారాల్లో ఈనుతుంది, పిల్లలు పాలు తాగుతుండగానే మళ్లీ కట్టవచ్చు. చెవి కొన కత్తిరించి ఉంటే ఆపరేషన్ ముందే జరిగి ఉండవచ్చు.

పాలన్నం మాత్రం మానేయండి. ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలు అరగక విరేచనాలవుతాయి. పిల్లికి మాంసాహారం తప్పనిసరి. ఇంట్లో వండనివారు దుకాణంలో దొరికే పిల్లుల మేత కొనవచ్చు. ఎంత నలతగా ఉన్నా పారాసిటమాల్ వేయకండి, అది పిల్లి ప్రాణం తీస్తుంది.

కాన్పు తరువాత ఇంట్లోకి తెచ్చుకున్నా, ఉయ్యాల ఉన్న గదిలోకి ఒంటరిగా వెళ్లనివ్వకండి. ఎవరినైనా కరిచినా, గీరినా ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పెంచుకోవద్దనే నిర్ణయానికి వచ్చినా, గోనెసంచిలో కట్టి ఊరి చివర వదిలి రావద్దు. ఆపరేషన్ చేయించి, మీ వసారాలోనే తిండి, నీళ్లు పెడుతూ ఉండండి.