ఇరవై నాలుగు అభ్యంతరాల అమ్మాయి

ప్రశ్న: మా వారు యూదులు. నేను మతం మారలేదు. మా అమ్మాయికి 14 ఏళ్లు. కిందటేడు బాత్ మిత్స్వా (అమ్మాయి మతబాధ్యతలు చేపట్టే వేడుక) ఘనంగా చేశాం. ఇప్పుడు మా సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) వారు హైస్కూలు పిల్లలకు బుధవారం సాయంత్రాలు ఐచ్ఛిక తరగతులు పెడుతున్నామని కాగితం పంపారు. తాల్ముద్ (పూర్వపు మతపండితుల వాదోపవాదాల గ్రంథం), హల్లా రొట్టె, యూదుల హాస్యం, ఆధునిక హీబ్రూ... వీటిలో ఒకటి ఎంచుకోవాలట. "నా చదువు అయిపోయిందిగా, మళ్లీ ఎందుకు?" అంటోంది అమ్మాయి. ఇంట్లో ప్రతి మాటకూ ఎదురు చెబుతుంది. మానిపిస్తే మా అత్తగారు ఊరుకోరు. బలవంతంగానైనా పంపనా? పంపితే దేనికి? అసలు యూదురాలిని కాని నేను ఇందులో మాట్లాడవచ్చా?
– ఒక తల్లి, న్యూజెర్సీ

జవాబు: చివరి ప్రశ్నను మొదట తేల్చేద్దాం. నేనూ మీలాగే యూదుల ఇంటికి కోడలిగా వెళ్లినదాన్ని. పదేళ్లపాటు సినగాగ్‌లో వెనక వరుసలోనే కూర్చున్నాను.

మీది రిఫార్మ్ (సంస్కరణవాద) శాఖ సినగాగ్ అయ్యుంటుందని ఊహిస్తున్నాను. అమెరికాలో ఆ శాఖ రబ్బీలు (మతగురువులు) 1983లో ఒక తీర్మానం చేశారు. తల్లిదండ్రుల్లో ఎవరు యూదులైనా బిడ్డను యూదు బిడ్డగానే ఎంచవచ్చన్నారు. కాకపోతే పుట్టుక ఒక్కటే చాలదు, పెంపకంలోనూ అది కనిపించాలన్నారు. ఎలా కనిపించాలో చెబుతూ తోరా (యూదుల ధర్మగ్రంథం) చదువునూ, బాత్ మిత్స్వానూ, ఆ తర్వాత కాస్త పెద్దయ్యాక పిల్లలు తమ నోటితో మతాన్ని ఒప్పుకునే కన్ఫర్మేషన్‌నూ పేర్కొన్నారు. ఆర్థడాక్స్, కన్సర్వేటివ్ శాఖలు మాత్రం తల్లి యూదురాలై ఉండాలనే అంటాయి. మీ అమ్మాయి విషయంలో ఆ పెంపకమంతా ఎవరి చేతుల మీదుగా జరిగింది? ఏడాదిపాటు తోరా పాఠం వల్లె వేయించిందీ, బుధవారాలు కారు నడపబోయేదీ మీరే కదా. నిస్సంకోచంగా మాట్లాడండి.

ఇక బలవంతం సంగతి. పిల్లవాడికి బార్ మిత్స్వా (అబ్బాయిలకు చేసే అదే వేడుక) అయిన రోజున తండ్రి చెప్పే పాత ఆశీర్వచనం ఒకటుంది. ఈ బిడ్డ విషయంలో నాకు రావలసిన శిక్ష నుంచి నన్ను విడిపించినవాడికి స్తుతి అని దాని అర్థం. ఇకమీదట వాడి పాపపుణ్యాలు వాడివే అన్నమాట. ఒకప్పుడు కొడుకులకే చెప్పేవారు, ఇప్పుడు చాలా చోట్ల కూతుళ్లకూ చెబుతున్నారు. నిరుడు అందరి ముందూ విడిచిపెట్టిన చెయ్యిని ఈ ఏడు మళ్లీ పట్టుకుని లాక్కెళతానంటే ఆ పిల్ల ఒప్పుకుంటుందా?

మీ అత్తగారు సంప్రదాయం ఎత్తితే ఒక మాట గుర్తుచేయండి. అమెరికాలో తొలి బాత్ మిత్స్వా అని చెప్పుకొనేది 1922లో న్యూయార్క్‌లో జరిగింది. రబ్బీ మొర్దెకై కప్లాన్ తన కూతురు జూడిత్‌కు చేశారు. ఆమెకు అప్పటికి పన్నెండేళ్లు. అంటే మీ అత్తగారి తల్లికో అమ్మమ్మకో ఆ ముచ్చటే జరిగి ఉండకపోవచ్చు. ఈ మాట మెల్లగా చెప్పండి, పండుగ భోజనాల దగ్గర మాత్రం వద్దు.

నేను చేసిన తప్పు చెబుతాను. మా పెద్దవాణ్ణి నాకు నచ్చిన ఆధునిక హీబ్రూలో చేర్పించాను. రెండేళ్లు వెళ్లాడు. కళ్లు తెరిచి నిద్రపోవడం నేర్చుకున్నాడు. చిన్నవాడు తనంతట తానే హాస్యం తరగతి ఎంచుకున్నాడు. జోకులు చెప్పుకోవడానికి సినగాగ్‌కు వెళుతున్నాడని మా అమ్మకు ఫోనులో చెప్పడానికే సిగ్గుపడ్డాను. మొదటి వారం తెచ్చిన జోకు ఇది: నిర్మానుష్యమైన దీవిలో ఒంటరిగా చిక్కుకున్న యూదుడు రెండు సినగాగ్‌లు కట్టుకుంటాడు. రెండెందుకని అడిగితే, ఒకటి నేను వెళ్లేది, రెండోదాంట్లో నేను చచ్చినా అడుగుపెట్టను అంటాడు. మేమంతా నవ్వాం. వాడు నవ్వలేదు. "మరి మనం పాత సినగాగ్ ఎందుకు మానేశాం నాన్నా?" అని అడిగాడు. ఆ రాత్రి పదకొండింటి దాకా మా వారు పాత తగాదాలన్నీ పూసగుచ్చినట్టు చెబుతూనే ఉన్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో వాటిలో సగం నేనూ వినలేదు.

కాబట్టి ఏ తరగతో అమ్మాయే చెప్పాలి. కానీ నా సలహా అడిగారు కనుక నా పక్షపాతం దాచుకోను. ప్రతి మాటకూ ఎదురు చెప్పే పిల్లకు తాల్ముద్‌ను మించినది లేదు.

ఒక్కసారి ఆ పేజీ తెరిచి చూడండి. నడుమ ఒక స్తంభంలా మూలపాఠం. పుస్తకం కుట్టు వైపు రాషీ వ్యాఖ్య. ఆయన 11వ శతాబ్దపు ఫ్రాన్స్ పండితుడు. బయటి అంచు వైపు తోసాఫోత్ అనే మరో వ్యాఖ్య. అది రాసిన వారిలో రాషీ మనవలూ, వారి శిష్యులూ ఉన్నారు. తాత ఈ పక్కన ఒక అర్థం చెబుతాడు, మనవలు ఆ పక్కన నిలబడి అది కుదరదంటారు. అచ్చువేసేవారు ఎవరి నోరూ నొక్కలేదు, ఇద్దరినీ ఒకే కాగితం మీద కూర్చోబెట్టారు.

ఇంకో తమాషా. ఆ మూలపాఠంలో అచ్చులూ ఉండవు, విరామచిహ్నాలూ ఉండవు. మన అక్షరాలకు గుడి, కొమ్ము, ఏత్వం అన్నీ తీసేసి చదువుకొమ్మంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ద, వ, ర అనే మూడక్షరాలు కనిపిస్తే "దవార్" అని చదివితే మాట లేదా వస్తువు, "దెవెర్" అని చదివితే మహమ్మారి. ఏదన్నది సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి. టీనేజీ తరగతుల్లో సాధారణంగా ఇంగ్లీషు అనువాదం పక్కన పెట్టుకునే చదువుతారు, భయపడకండి. అయినా ఆ ఒక్క ముక్క మీద గంటసేపు కొట్టుకోవచ్చు.

కొట్టుకోవడమే అక్కడి పద్ధతి. దాన్ని హవ్రూతా అంటారు. ఇద్దరేసి పిల్లలు ఒకే పేజీ ముందు కూర్చుని, పైకి చదువుతూ, ఒకరిని ఒకరు నిలదీస్తూ పోతారు. గది సంతలా ఉంటుంది. తాల్ముద్‌లోనే ఒక కథ ఉంది. రబ్బీ యోహనాన్‌కు రేష్ లకీష్ అని బావమరిది, చదువులో జంట. ఆయన పోయాక యోహనాన్ దుఃఖం తీరడానికి మరో పండితుణ్ణి జతగా పంపారు. ఆ కొత్తాయన, యోహనాన్ ఏది చెప్పినా, "మీ మాటకు ఆధారం ఇదిగో" అంటూ పోయాడట. యోహనాన్ విసిగిపోయాడు. "నేను చెప్పింది సరైనదని నాకు తెలియదా? రేష్ లకీష్ అయితే 24 అభ్యంతరాలు లేవదీసేవాడు, నేను 24 జవాబులు వెతికేవాణ్ణి, అలా విషయం విప్పారేది" అని ఏడ్చాడట. మీ ఇంట్లో ఆ 24 అభ్యంతరాల మనిషి ఉంది. ఆమెకు ఒక యోహనాన్ దొరికితే మీ మీద భారం కాస్త తగ్గుతుంది.

అలాగని హల్లాను ఉత్త వంట తరగతి అని తీసిపారేయకండి. నిజానికి హల్లా అన్నది రొట్టె పేరు కాదు, పిండి ముద్దలోంచి తీసి పక్కన పెట్టే చిన్న ముక్క పేరు. యెరూషలేములో ఆలయం ఉన్న కాలంలో ఇది యాజకులకు చెందేది. ఆలయం పోయాక ఆ ముక్కను కాల్చేస్తున్నారు. పిండి ఎక్కువ మోతాదులో కలిపినప్పుడే ఈ పని. ఆ తర్వాత మిగతా పిండిని పాయలు తీసి అల్లుతారు. మూడు పాయల జడ మన చేతికి అలవాటైనదే. ఆరు పాయలకు వచ్చేసరికి నాకు నాలుగో పాయ ఎటు పోవాలో ఇప్పటికీ తెలియదు.

ఒప్పందం ఇలా కుదుర్చుకోండి: తరగతి ఆమె ఎంపిక, నాలుగు బుధవారాలు వెళ్లి చూడాలి, అయిదో వారం ఉండడమో మానడమో ఆమె ఇష్టం. మానేస్తే మీరు నోరు మెదపకూడదు. ఇదే మీకు కష్టం. ఈలోగా, చిన్నపిల్లల తరగతుల్లో సహాయకులుగా పెద్ద పిల్లలను తీసుకుంటారేమో కనుక్కోండి. చదువు వద్దనే పిల్లలు కొందరు బోధన అంటే ఎగిరి గంతేస్తారు. ఫీజు భారమైతే కార్యాలయంలో అడగండి, తగ్గింపు చాలా చోట్ల ఉంటుంది. ఇంటికి వచ్చేటప్పుడు కారులో "ఏం నేర్చుకున్నావు?" అని అడగవద్దు. "ఈవేళ ఎవరితో వాదించావు?" అని అడగండి.

ప్రశ్న: మా మనవడికి 16. వేసవి మొదట్లో సినగాగ్‌లో కన్ఫర్మేషన్ అట, నన్ను రమ్మన్నారు. అది చర్చి మాట కదా? తల కప్పుకోవాలా? ఏం తీసుకెళ్లాలి?
– ఒక నానమ్మ

జవాబు: మాట చర్చి నుంచి వచ్చిందే, అమ్మా. 19వ శతాబ్దం తొలినాళ్లలో జర్మనీలోని సంస్కరణవాద యూదులు మొదలుపెట్టారు. పదమూడేళ్ల పిల్లలకు ఏం తెలుస్తుంది, కాస్త పెద్దయ్యాక తమ నోటితో తామే ఒప్పుకోనివ్వాలన్నది వారి వాదం. మన కాలమ్‌లోని మొదటి ఉత్తరం చదివారుగా, ఆ బుధవారం తరగతులు సాగించిన పిల్లలు చివరకు చేరేది చాలా చోట్ల ఇక్కడికే.

దీన్ని షవువోత్ పండుగనాడు చేస్తారు. సీనాయి కొండ దగ్గర తోరా అందిన రోజుగా దాన్ని జరుపుకుంటారు. ఆ రాత్రంతా మేలుకుని చదివే ఆనవాయితీ ఉంది, మన శివరాత్రి జాగరణలాగే. రూతు కథ కూడా చదువుతారు. పరాయి దేశం నుంచి వచ్చిన కోడలు అత్తను విడిచి వెళ్లనన్న కథ. మీ కోడలి పక్కన కూర్చుని వినండి.

పట్టుచీర కట్టుకోండి. మగవాళ్లకు కిప్పాలు (తల మీద పెట్టుకునే చిన్న టోపీలు) గుమ్మం దగ్గర బుట్టలో ఉంటాయి. ఆడవాళ్ల సంగతి సినగాగ్‌ను బట్టి మారుతుంది, కోడలిని అడగండి. డబ్బు కవరు అక్కడ చేతిలో పెట్టవద్దు. పండుగ రోజున డబ్బు ముట్టుకోని వాళ్లుంటారు, ఇంటికి వచ్చాక ఇవ్వండి. భోజనంలో పాల పదార్థాలు ఎక్కువ. చీజ్‌తో చేసిన కేకు తప్పక పెడతారు. షుగరు ఉంటే జాగ్రత్త, ముందే చెబుతున్నాను, రెండో ముక్క కూడా పెడతారు.