డోసు రెట్టింపు చేసినా కాబేజీ పురుగు ఎందుకు చావడం లేదు?

ప్రశ్న: సార్, మాది హొసకోటె దగ్గర పల్లె. రెండెకరాల్లో ఏడాది పొడవునా కాబేజీ, కాలీఫ్లవర్ వేస్తాం. ఆకులకు బొక్కలు పెట్టే చిన్న పచ్చ పురుగు క్లోరాంట్రానిలిప్రోల్ ఒక్కసారి కొడితే పోయేది. ఇప్పుడు డబుల్ డోసు కొట్టినా, కంపెనీ మార్చినా పోవడం లేదు. పురుగు అలవాటు పడిందని అంగట్లో అంటున్నారు. నిజమేనా? ఇంకేం కొట్టాలి?

జవాబు: తాకగానే గిలగిలా కొట్టుకుని, దారం పట్టుకుని ఆకు నుంచి వేలాడితే అది డైమండ్ బ్యాక్ మాత్. అది అలవాటు పడలేదు. చచ్చేవి చచ్చాయి, చావనివి గుడ్లు పెట్టాయి. బెంగళూరు వాతావరణంలో దాదాపు మూడు వారాలకో తరం. మీ పొలంలో కాబేజీ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి ఆ ఎంపిక ఎక్కడా ఆగలేదు.

ఈ పురుగుకి ఇది పాత విద్యే. ఆవాల కుటుంబపు మొక్కల్లో ఘాటుగా ఉండే రసాయనాలు వేరే పురుగులను తరిమేస్తాయి. వాటిని పనిచేయకుండా చేసే ఎంజైమ్ దీని కడుపులో మన మందులు పుట్టకముందే ఉంది. 1953లోనే జావా దీవిలో డీడీటీకి లొంగలేదని నమోదైంది. పొలాల్లో బీటీ మందును (బాక్టీరియా నుంచి తయారయ్యేది) మొదట తట్టుకున్న పంట పురుగు కూడా ఇదే.

మీరు కొట్టే మందు పురుగు కండరాల్లోని రయనోడిన్ గ్రాహకం అనే ప్రొటీన్‌కు అతుక్కుంటుంది. కండరం బిగుసుకుపోతుంది, పురుగు తినడం మానేస్తుంది. ఆ గ్రాహకాన్ని తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం మారితే చాలు, ఆ ప్రొటీన్ గొలుసులో 4,946వ స్థానంలో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు గ్లుటామిక్ ఆమ్లం వస్తుంది. తాళం మారిపోయినట్టే, మీ దగ్గరున్న తాళంచెవి ఇక పట్టదు. ఫిలిప్పీన్స్, థాయ్‌లాండ్ పురుగుల్లో ఈ మార్పును 2012లో గుర్తించారు.

మందును తట్టుకునే రెండో దారి నాకు మరీ ఆసక్తికరం, దీనికి ఉదాహరణలు వేరే పురుగుల్లో ఉన్నాయి. ఇక్కడ జన్యువు మారదు, దాని పనితీరు మారుతుంది. పండ్ల ఈగలో ఒక దూకే జన్యువు (చోటు మార్చుకునే డీఎన్‌ఏ ముక్క) వచ్చి, విషాన్ని విరగ్గొట్టే పీ450 జన్యువు ముందు చేరింది. దాంతో ఆ ఎంజైమ్ ఎక్కువగా తయారై ఈగ డీడీటీని తట్టుకుంది. పచ్చ పేనుబంకలో ఇంకో తీరు: విషాన్ని పట్టేసే ఎస్టరేజ్ జన్యువుకి పదుల కొద్దీ నకళ్లు పుట్టాయి. విచిత్రం ఏమిటంటే, కొన్ని పేనుల్లో ఆ నకళ్లు అన్నీ ఉన్నా, వాటి మీదుండే మిథైల్ గుర్తులు (డీఎన్‌ఏకు అంటుకునే చిన్న రసాయన గుర్తులు) పోగానే జన్యువు మౌనంగా ఉండిపోతుంది, పేను మళ్లీ మందుకు చస్తుంది.

కాబట్టి డోసు పెంచితే మధ్యరకం తట్టుకునేవి కూడా పోయి, గట్టివే మిగులుతాయి. ఖర్చు మీది, లాభం దానిది. కంపెనీ మార్చినా డబ్బాలో ఉన్నది అదే మందు. ఫ్లూబెండియమైడ్, సయాంట్రానిలిప్రోల్ పేర్లు వేరైనా అవీ అదే 28వ గ్రూపు (పురుగు మీద పనిచేసే తీరును బట్టి మందులకు ఇచ్చే నంబరు). మిశ్రమ మందులు కొనేముందు రెండు పేర్లూ చదవండి, చాలాసార్లు అందులో ఒకటి 28వదే.

ముందు ఇది తట్టుకోవడమా, నకిలీ మందా అన్నది తేల్చుకోండి. లేబుల్ డోసులో కలిపిన మందులో ఆకులు ముంచి ఆరబెట్టి, గాలి ఆడే డబ్బాల్లో పెట్టండి. ఒకదాంట్లో మీ పురుగులు, ఇంకొకదాంట్లో ఈ మందు ఎప్పుడూ కొట్టని తోటలోవి వేయండి. వట్టి నీళ్లలో ముంచిన ఆకులతోనూ ఇలాగే రెండు డబ్బాలు పెట్టండి. మూడు నాలుగు రోజులకు మందు డబ్బాల్లో రెండు రకాలూ బతికితే మీరు కొన్న మందును అనుమానించండి. మీవి మాత్రమే బతికితే పురుగే మారింది. నీళ్ల డబ్బాల్లోనూ చస్తుంటే పరీక్ష మళ్లీ చేయాలి.

పురుగే మారి ఉంటే ఈ పంటకు 28వ గ్రూపు పూర్తిగా ఆపేయండి. ఒక తరానికి, అంటే దాదాపు మూడు వారాలకు, స్పైనోసాడ్ లాంటి 5వ గ్రూపు మందు. తర్వాతి తరానికి ఎమామెక్టిన్ బెంజోయేట్, అది 6వది. మధ్యలో 4 శాతం వేపగింజల కషాయం. కాబేజీ ఆకు మైనపు పూతతో నున్నగా ఉంటుంది, మందులో జిగురు (స్టిక్కర్) కలపకపోతే అంతా జారిపోతుంది. కలాసిపాళ్యం మార్కెట్‌కు పంపేముందు లేబుల్‌పై రాసిన గడువు దాటాలి.

వచ్చే పంటకు మా హెసరఘట్ట భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ చెప్పే ఆవాల పద్ధతి పెట్టండి: ప్రతి 25 వరుసల కాబేజీకి రెండు వరుసల ఆవాలు. ఒకటి నాట్లకు 15 రోజుల ముందు, రెండోది నాటిన 25 రోజులకు. తల్లి రెక్కల పురుగులు గుడ్లు పెట్టడానికి ఆవాల మీదికే ఎగబడతాయి. ఆ వరుసల్లో మందు కొట్టడం మరిచిపోతే మాత్రం పురుగును మీరే పెంచినట్టవుతుంది. కోత అయిన మోళ్లను గట్టున పడేయకుండా వెంటనే దున్నేయండి.