ఇద్దరు కుక్కలా, రెండు కుక్కలా?

సందేహం: మా నాలుగేళ్ల మనుమడు “ఇద్దరు కుక్కలు వచ్చారు” అంటున్నాడు. “అమ్మ వచ్చింది”, “ఆవు వచ్చింది” అన్నప్పుడు లేని భేదం బహువచనంలో ఎందుకు వస్తోంది? పిల్లలకు దీన్ని ఎలా నేర్పాలి?

సమాధానం: మీ మనుమడి ప్రయోగం దోషమే. అయితే ‘ఇద్దరు’ అన్న పిల్లవాడు క్రియను కూడా దానికి తగినట్లు ‘వచ్చారు’ అనే అన్నాడు. అంటే సంఖ్యావాచకానికీ క్రియకూ ఉండవలసిన పొందిక అతనికి పట్టుబడింది. కుక్కను ఏ వర్గంలో చేర్చాలన్నదే ఇంకా తేలలేదు.

ఆ వర్గాల ఎల్ల తెలుగులో స్థిరంగా ఉండదు. ఏకవచనంలో పురుషులు ఒకవైపు, స్త్రీలు, జంతువులు, జడపదార్థాలు మరొకవైపు ఉండగా, బహువచనానికి వచ్చేసరికి స్త్రీలు పురుషులతో కలిసి మనుష్యవర్గం ఏర్పడుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో మహత్తు (పురుషవాచకాలు), అమహత్తు (తక్కినవి) అని విభజించి చెప్పినది దీన్నే. సోదరభాషలన్నీ ఇదే పద్ధతిని పాటించవు: తమిళంలో స్త్రీకి ఏకవచనంలోనే వేరు రూపం ఉన్నది, గోండీ బహువచనంలో కూడా స్త్రీలను పురుషేతర వర్గంలోనే ఉంచుతుంది. కనుక ఇది వస్తువులను చూసినంత మాత్రాన తెలిసే విభజన కాదు, మాట వింటూ పట్టుకోవలసినది. ఉదయించే సూర్యబింబం ఒక్కటే అయినా “సూర్యుడు ఉదయించాడు” అంటాము, “పొద్దు పొడిచింది” అంటాము.

నాలుగేళ్ల పిల్లవాడికి నిర్వచనం చెప్పి ప్రయోజనం లేదు. “అక్కకు ఇద్దరు పిల్లలు”, “కుక్కకు నాలుగు పిల్లలు” వంటి జంట వాక్యాలు ఇంట్లో తరచుగా వినిపించండి. రెండింటా ‘పిల్లలు’ అన్న మాట మారలేదు. ఎవరి పిల్లలో చెబుతున్నది సంఖ్యావాచకమే. నా దృష్టిలో ఇంతకంటే మంచి పాఠం లేదు. అతడు తప్పు పలికినప్పుడు ఆపి సరిదిద్దడం కన్నా, “అవును, రెండు కుక్కలు వచ్చాయి” అని సాధురూపంలో బదులిచ్చి సంభాషణ కొనసాగించడం మేలు. మనుషుల సంగతి వచ్చినప్పుడు “ముగ్గురు అత్తలు వచ్చారు” అన్నది కూడా అంతే సహజంగా చెవిన పడాలి.

ఒక్క విషయంలో మాత్రం తొందరపడవద్దు. కథల్లో జంతువుకు పురుషుని పేరు పెడితే క్రియ ఆ పేరును అనుసరిస్తుంది. పావురాల రాజు కథ చెబుతూ “చిత్రగ్రీవుడు ఎగిరాడు” అన్నా, “పావురం ఎగిరింది” అన్నా సాధువే. అతని పరివారాన్ని మాత్రం “పావురాలు ఎగిరాయి” అనాలి.